లెక్కలో బియ్యం ఉంది, వండిన చెయ్యి లేదు: కుటుంబం గురించి మార్క్సిస్టుల వాదం

1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు కనీస వేతనాన్ని ఏ ప్రాతిపదిక మీద నిర్ణయించాలో చెబుతూ ఒక తీర్మానం చేసింది. సంపాదించే మనిషి ఒకరు, ఆధారపడిన భార్య, ఇద్దరు పిల్లలు. వీళ్ళందరినీ కలిపి మూడు వినియోగ యూనిట్లుగా లెక్క కట్టాలి. మగవాడికి 1, భార్యకు 0.8, పిల్లలకు తలా 0.6. యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబం మొత్తానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, ఆపైన వంటచెరకు, దీపం, ఇతర ఖర్చులకు వేతనంలో 20 శాతం. భార్యాపిల్లలు ఏమైనా సంపాదిస్తే దాన్ని ఈ లెక్కలోకి తేకూడదు. 1991లో సుప్రీంకోర్టు ఈ జాబితాకు పిల్లల చదువు, వైద్యం, పండుగలు, ముసలితనం, పెళ్ళిళ్ళ కోసం మరో 25 శాతం కలపాలని చెప్పింది.

ఆ తీర్మానం చిన్న విజయం కాదు. పనివాడి కూలి అతనొక్కడి కడుపు నింపితే చాలదు, ఇంటిల్లిపాదికీ సరిపోవాలని ప్రభుత్వమూ యజమానులూ కాగితం మీద ఒప్పుకున్న సందర్భం అది. కార్మిక సంఘాలు ఇవాళ్టికీ వేతన చర్చల్లో దాన్నే ముందు పెడతాయి, పెట్టాలి కూడా. కానీ ఆ లెక్కను నిదానంగా చదివితే ఒక విషయం కంటపడుతుంది. అందులో భార్య తినే మనిషిగా ఉంది, పనిచేసే మనిషిగా లేదు. 2,700 కేలరీలకు సరిపడే బియ్యం, పప్పు, నూనె బజారు ధరతో సహా ఉన్నాయి. ఆ బియ్యం అన్నం కావడానికి పట్టే శ్రమ ఏ గడిలోనూ లేదు. బట్ట ఉంది, ఉతుకు లేదు. పిల్లల తిండి ఉంది, వాళ్ళకు తినిపించే వేళ లేదు.

మా నాన్నకు ఎ షిఫ్టు పడిన వారాల్లో అమ్మ నాలుగింటికే లేచేది. ఐదుంపావుకు మలుపు దగ్గరికి కంపెనీ బస్సు వచ్చేలోగా మూడు గిన్నెల స్టీలు క్యారేజీ సిద్ధం కావాలి: కింది గిన్నెలో అన్నం, మధ్యలో పప్పు, పైన పెరుగన్నం, దాని మీద చిన్న ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన నిమ్మకాయ ముక్క. అమ్మ క్యారేజీ కొక్కెం బిగించాక ఒకసారి తలకిందులుగా పట్టుకుని చూసేది, పప్పు కారుతుందేమోనని. నాన్న సంతకం పెట్టిన మస్టర్‌లో పని ఆరు గంటలకు మొదలయ్యేది. ఆ పని నిజానికి నాలుగింటికి మా వంటింట్లో మొదలైందన్న ఆలోచన నాకు చాలా ఏళ్ళ తర్వాత, శ్రమ శక్తి గురించి చదువుతున్నప్పుడు వచ్చింది. కుటుంబం గురించి మార్క్సిస్టులు నూటఎనభై ఏళ్ళుగా చెబుతున్నదీ, తమలో తాము వాదించుకుంటున్నదీ ఎక్కువగా ఈ రెండు గంటల గురించేనని నా అవగాహన.

ముందుగా ఒక అపార్థాన్ని పక్కకు తీయాలి. కమ్యూనిస్టులు కుటుంబాన్ని రద్దు చేస్తారనే నింద 1848 నాటికే ఉంది. ఆ ఏడాది మార్క్స్, ఎంగెల్స్ రాసిన కమ్యూనిస్టు ప్రణాళిక ఆ నిందను నేరుగా ఎత్తుకుని జవాబు చెప్పింది. ఆ జవాబు సారాంశం ఏమిటంటే, బూర్జువా కుటుంబం, అంటే పెట్టుబడిదారుల ఇల్లు, నిలబడింది పెట్టుబడి మీద, సొంత లాభం మీద; కార్మికుల కుటుంబాలను ఫ్యాక్టరీలు అప్పటికే చెల్లాచెదురు చేస్తున్నాయి; కాబట్టి కుటుంబాన్ని ఎవరు ధ్వంసం చేస్తున్నారో ముందు చూడండి. మనుషుల మధ్య ప్రేమ అబద్ధమని మార్క్స్, ఎంగెల్స్ ఎక్కడా అనలేదు. ఆ ప్రేమ ఏ ఏర్పాటు లోపల బతకాల్సి వస్తోంది, ఆ ఏర్పాటు ఎవరికి లాభిస్తోంది అన్నదే వాళ్ళ ప్రశ్న.

ఆ ఏర్పాటుకు చరిత్ర ఉందని చూపించడానికి మొదటి పెద్ద ప్రయత్నం ఎంగెల్స్‌ది. అమెరికన్ పరిశోధకుడు లూయిస్ హెన్రీ మోర్గాన్ ఇరోక్వా తెగల బంధుత్వ పద్ధతులను దగ్గరగా చూసి, 1877లో ప్రాచీన సమాజం మీద ఒక పుస్తకం ప్రచురించాడు. మార్క్స్ దాన్ని చదివి వివరంగా నోట్సు రాసుకున్నాడు. 1883లో మార్క్స్ చనిపోయాక ఆ నోట్సును ఆధారం చేసుకుని ఎంగెల్స్ మరుసటి ఏడాదే కుటుంబం, సొంత ఆస్తి, రాజ్యం పుట్టుక గురించి తన గ్రంథాన్ని తెచ్చాడు. పశువుల మందలు, ఆ తర్వాత భూమి, మిగులు సంపద మగవాళ్ళ చేతికి వచ్చాక, ఆ సంపద ఫలానా తండ్రి నుంచి ఫలానా కొడుక్కే చేరాలంటే స్త్రీ లైంగికత మీద కాపలా అవసరమైందనీ, ఒకే భర్త అన్న నియమం ఆ కాపలాకు పెట్టిన పేరనీ, అది భర్తకు నిజంగా ఎన్నడూ వర్తించలేదనీ ఆయన వాదన. తల్లి వంశం ద్వారా వారసత్వం లెక్కించే పద్ధతి కూలిపోవడాన్ని ఆయన స్త్రీ జాతికి జరిగిన చారిత్రక పరాజయం అన్నాడు. ఇంటి లోపల భర్త బూర్జువా అనీ, భార్య కార్మికవర్గం స్థానంలో ఉంటుందనీ కూడా రాశాడు.

తర్వాతి కాలపు మానవశాస్త్రం మోర్గాన్ వరస పెట్టిన దశలను చాలావరకు అంగీకరించలేదు. అన్ని సమాజాలూ ఒకే మెట్లెక్కి రాలేదు. మిగులు లేని సమాజాల్లో కూడా ఆడామగా తేడాలు కనబడ్డాయి. అయినా ఆస్తికీ పెళ్ళికీ ఉన్న ముడిని ఎంగెల్స్ పట్టుకున్న చోటు గట్టిదే. దీనికి మన దగ్గరి సాక్ష్యమే ఉంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమానంగా పుట్టుకతో హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. 1985 సెప్టెంబరు నుంచి అది అమల్లోకి వచ్చినట్టు లెక్క. కేంద్రం ఆ పని 2005లో చేసింది. ఆంధ్రప్రదేశ్ సవరణలో ఒక మినహాయింపు ఉంది: అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకు ఆ హక్కు లేదు. పెళ్ళంటే ఆస్తి గడప దాటడమని చట్టం అంత స్పష్టంగా ఒప్పుకుంది. హక్కు వచ్చిన ఇళ్ళలో కూడా పసుపు కుంకుమల కింద ఇచ్చిందే నీ వాటా అని తేల్చి, రిజిస్ట్రారు ఆఫీసులో ఆడపిల్ల చేత హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టించడం తెలుగు నేలలో ఎవరికీ కొత్త సంగతి కాదు. పెట్టకపోతే పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందన్న భయం ఆమెకుంటుంది. ఆ భయంలో అన్నదమ్ముల మీద ప్రేమ కూడా నిజంగానే కలిసి ఉంటుంది. ఆస్తి సంబంధం ప్రేమ రూపంలోనే పనిచేస్తుందన్న మాటకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తోచదు.

కానీ ఎంగెల్స్ వాదం ఆస్తి ఉన్న ఇంటికి సరిపోయినంతగా ఆస్తి లేని ఇంటికి సరిపోదు. వారసత్వంగా ఇవ్వడానికి ఏమీ లేని కార్మికుడి ఇంట్లో మగ పెత్తనానికి పునాది ఉండదనీ, స్త్రీలు ఫ్యాక్టరీల్లోకి వస్తే ఆ పెత్తనం ఇంకా కరిగిపోతుందనీ ఆయన ఆశించాడు. ఆడవాళ్ళు పనుల్లోకి వచ్చారు. పెత్తనం అలాగే ఉంది. ఎందుకు ఉందో తెలియాలంటే ఆస్తిని వదిలి మళ్ళీ ఆ క్యారేజీ దగ్గరికి రావాలి. అందుకు కావలసిన పనిముట్టు కుటుంబం మీద రాసిన పుస్తకంలో కాక, కూలి మీద రాసిన పుస్తకంలో దొరుకుతుంది.

1867లో వచ్చిన కాపిటల్ మొదటి సంపుటంలో మార్క్స్, కార్మికుడు అమ్ముకునేది శ్రమను కాదనీ, పనిచేయగల సత్తాను, అంటే శ్రమ శక్తిని అనీ అంటాడు. ఏ సరుకు విలువనైనా దాన్ని తయారు చేయడానికి పట్టే శ్రమే నిర్ణయిస్తుంది కాబట్టి, శ్రమ శక్తి విలువ అంటే ఆ మనిషి రేపు కూడా పనికి రాగలిగేలా బతకడానికి కావలసిన వస్తువుల విలువ. అతను ఎల్లకాలం ఉండడు. అతని స్థానంలోకి రావలసిన పిల్లల పోషణ కూడా అందులోనే చేరుతుంది. 1957 నాటి మన మూడు యూనిట్ల లెక్క ఈ సూత్రానికి ప్రభుత్వం చేసిన తెలుగు టీకలా ఉంటుంది. కార్మిక వర్గం మళ్ళీ మళ్ళీ తయారవుతూ ఉండటం పెట్టుబడికి తప్పనిసరి అవసరమనీ, అయితే పెట్టుబడిదారుడు ఆ బాధ్యతను కార్మికుడి ప్రాణభీతికీ, సంతానం మీది కోరికకూ నిశ్చింతగా వదిలేయగలడనీ మార్క్స్ ఒక మాటలో చెప్పి ముందుకు సాగిపోయాడు. ఆ నిశ్చింత ఎవరి వల్ల వస్తోందో ఆయన ఆగి చూడలేదు. దాదాపు వందేళ్ళ తర్వాత స్త్రీలు ఆ చోట ఆగి చూశారు.

ఆయన చూసిన ఇంగ్లండులో పరిస్థితి వేరుగా ఉండటం ఇందుకు ఒక కారణం కావచ్చు. యంత్రాలు కండబలాన్ని అనవసరం చేసి ఆడవాళ్ళనూ పిల్లలనూ మిల్లుల్లోకి లాగాయి. అంతకుముందు తండ్రి ఒక్కడి కూలితో ఇల్లు నడిచేది. ఇప్పుడు నలుగురు పనిచేస్తే ఆ నలుగురి కూలీ కలిపి అంతే వస్తుంది. కుటుంబం మొత్తం మీద పరిచి ఒక్కొక్కరి కూలిని తగ్గించడమని మార్క్స్ దీన్ని వర్ణించాడు. లాంకషైరు ప్రాంతంలో భార్య మిల్లుకు వెళితే భర్త ఇంట్లో కూర్చుని మేజోళ్ళు కుట్టుకుంటూ కన్నీళ్ళు పెట్టుకున్న ఘటనను ఎంగెల్స్ 1845 నాటి పుస్తకంలో ఉదహరించాడు. వాళ్ళ కళ్ళ ముందు కార్మిక కుటుంబం కూలిపోతోంది. తర్వాత అది మళ్ళీ నిలబడింది. 1842లో గనుల లోపల ఆడవాళ్ళ పనిని నిషేధించారు, 1844లో మిల్లుల్లో ఆడవాళ్ళ పనిగంటలకు పరిమితి పెట్టారు, 19వ శతాబ్దం గడిచేకొద్దీ మగవాడి కూలితోనే ఇల్లు నడవాలన్న కోరిక కార్మిక సంఘాల ప్రధాన నినాదాల్లో ఒకటయింది. మనం సనాతనమనుకునే ఏర్పాటు, అంటే మగవాడు ఫ్యాక్టరీకి, ఆడది ఇంటికి అన్నది, కార్మికులకు సంబంధించినంతవరకు అంత పాతదేమీ కాదు.

ఈ ఏర్పాటు ఎవరి గెలుపు? దీని మీద మార్క్సిస్టుల మధ్యే తెగని తగువుంది. అమెరికన్ ఆర్థికవేత్త హైడీ హార్ట్‌మన్ 1979లో, మగ కార్మికులూ పెట్టుబడిదారులూ కలిసి చేసుకున్న రాజీ ఇదని వాదించింది: ఆడవాళ్ళు మంచి కూలి దొరికే పనుల నుంచి బయటికి పోయారు, మగవాళ్ళకు ఇంట్లో సేవ దక్కింది, యజమానికి ఆరోగ్యంగా తిండి తిని వచ్చే కార్మికుడు దొరికాడు. దానికి రెండేళ్ళ ముందే జేన్ హంఫ్రీస్ అనే బ్రిటిష్ చరిత్రకారిణి మరో కోణం చూపించింది. ఇంట్లో ఒకరు కూలికి పోకుండా ఉండటం వల్ల మార్కెట్లో పనివాళ్ళ సరఫరా తగ్గి కూలి రేటు నిలబడిందనీ, జబ్బు పడ్డవాళ్ళకూ ముసలివాళ్ళకూ బిచ్చపు ఆశ్రమాల గతి పట్టకుండా కుటుంబమే ఆదుకుందనీ, కుటుంబాన్ని కార్మికులు పోరాడి కాపాడుకున్నారనీ ఆమె అంది. నాకు ఈ రెండూ ఒకేసారి నిజమనిపిస్తుంది. 2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు అక్టోబరు 5 నుంచి 52 రోజులు సమ్మె చేసినప్పుడు సెప్టెంబరు జీతం కూడా చేతికి రాలేదు. ఆ 52 రోజులూ వేల ఇళ్ళలో పొయ్యి వెలిగిందంటే అది సంఘం నిధులతో జరిగిన పని కాదు. తాకట్టు పెట్టిన నగలు, చుట్టాల సాయం, ఉన్నదాన్ని నలుగురికీ సరిపెట్టే ఆడవాళ్ళ నేర్పు కలిసి చేసిన పని. యజమానికి చవకగా శ్రమ శక్తిని అందించే ఇల్లే, యజమానిని ఎదిరించిన రోజున కార్మికుడికి కోట అవుతుంది. ఆ కోటలో ఎవరు తక్కువ తిన్నారన్న ప్రశ్న మాత్రం హార్ట్‌మన్ అడిగినట్టు అడిగి తీరాలి.

1969లో స్త్రీవాది మార్గరెట్ బెన్‌స్టన్ రాసిన ఒక వ్యాసంతో మొదలై దాదాపు పదిహేనేళ్ళు నడిచిన ఇంటిపని చర్చ, అంటే ఇంటిపని విలువను సృష్టిస్తుందా అన్న వాదన, ఈ మొత్తంలో అతి చిక్కుగా కనిపించే భాగం. చిక్కును విప్పడానికి ఒక ఇడ్లీ చాలు. ఇంట్లో అమ్మ రుబ్బి, పులియబెట్టి, ఉడికించిన ఇడ్లీని ఇంటివాళ్ళు తింటారు. దానికి ఉపయోగపు విలువ ఉంది, అది మారకానికి పోలేదు. అదే చెయ్యి టిఫిన్ సెంటరులో జీతానికి అదే ఇడ్లీ వేస్తే, యజమాని దాన్ని అమ్ముకుంటాడు, ఆమె జీతం పోగా మిగిలింది ఉంచుకుంటాడు. అక్కడ అదనపు విలువ పుట్టింది. కదలిక ఒకటే, చెమట ఒకటే, కానీ మార్క్స్ వర్గీకరణలో ఈ రెండూ వేరు. బెన్‌స్టన్ దీన్ని ఒప్పుకుని, మారకం లోకి రాని పని కాబట్టే డబ్బు రాజ్యమేలే సమాజంలో ఇంటిపనికి గౌరవం లేదని చెప్పింది.

1972లో ఇటలీకి చెందిన మరియారోజా దల్లా కోస్టా, ఆమెతో కలిసి సెల్మా జేమ్స్ ఇంకో అడుగు ముందుకు వేశారు. ఇల్లాలు తయారుచేసేది ఇడ్లీని కాదు, ఇడ్లీ తిని పనికి పోయే మనిషిని; ఆ మనిషి శ్రమ శక్తి బజారులో అమ్ముడుపోయే సరుకే కదా; కాబట్టి ఇంటిపని కూడా విలువను సృష్టిస్తోంది, కాకపోతే దాని కూలి మగవాడి కూలి వెనక దాక్కుంది. ఇంటిపనికి వేతనం ఇవ్వాలన్న ఉద్యమం దీన్నుంచే పుట్టింది. భర్తను అడిగే డబ్బు కాదది. పెట్టుబడి తరఫున రాజ్యాన్ని అడిగే వేతనం. ఆ పనికి కూలి అడగడమంటే అది ఆడవాళ్ళ స్వభావం కాదని, చేయడం మానేయగలిగిన పని అని ప్రకటించడమేనని ఆ ఉద్యమానికే చెందిన సిల్వియా ఫెదెరిచి 1975లో వివరించింది. సంప్రదాయ మార్క్సిస్టులు దీన్ని ఒప్పుకోలేదు. ఇంటిపనికి పోటీ లేదు, గడియారం లేదు, సగటు సామాజిక శ్రమ సమయంతో కొలవడం కుదరదు, కనుక అది విలువ కాదు అన్నారు. వేతనం ఇస్తే ఆడది శాశ్వతంగా వంటింటికే అతుక్కుపోతుందన్న అభ్యంతరం కూడా వచ్చింది. ఇందులో న్యాయం ఉంది.

1983లో అమెరికన్ మార్క్సిస్టు స్త్రీవాది లీజ్ వోగెల్ ఈ ముడిని మరో చోట పట్టుకుంది. ఇంటిపని మార్క్స్ అర్థంలో విలువను సృష్టించదు, నిజమే. కానీ అది లేకుండా శ్రమ శక్తి లేదు, శ్రమ శక్తి లేకుండా పెట్టుబడి లేదు. బిడ్డను కనే, పాలిచ్చే కాలంలో స్త్రీ కూలి పనికి తక్కువగా రాగలుగుతుంది. పెట్టుబడికి ఆ బిడ్డ రేపటికి కావాలి, ఆ తల్లి పని ఇవాళ్టికి కావాలి. ఈ పీకులాట నుంచే, ఆ కాలంలో ఆమెను పోషించే మగవాడికి అధికారం దఖలు పడే కుటుంబ రూపం గట్టిపడిందని ఆమె విశ్లేషణ. సామాజిక పునరుత్పత్తి సిద్ధాంతంగా ఇవాళ చెలామణీలో ఉన్న ఆలోచనకు ఇది ముఖ్యమైన పునాది.

విలువా కాదా అన్న తగాదా కన్నా నాకు ఎక్కువ పనికొచ్చినది దానికి అనుబంధంగా తేలిన ఒక చిన్న విషయం. ఇంట్లో ఉచితంగా జరిగే పని ఎంత ఎక్కువైతే, కూలి అంత తక్కువగా ఉండవచ్చు. మా నాన్న క్యారేజీని రోజూ హోటల్లో కొనుక్కోవలసి వస్తే, బట్టలు లాండ్రీకి వేయవలసి వస్తే, మమ్మల్ని జీతమిచ్చి ఎవరికైనా అప్పగించవలసి వస్తే, ఆ జీతం పది రోజులకు కూడా రాదు. అప్పుడు ఆయన జీతం పెంచమని అడగక తప్పదు, లేదా యాజమాన్యం క్యాంటీన్ పెట్టక తప్పదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోయే హైదరాబాదు కాలనీల్లో వీధికొకటిగా కర్రీ పాయింట్లు వెలవడం ఈ లెక్కకు తిరుగు ముఖం. అన్నం కుక్కర్లో, కూరలు కవర్లలో. వంటిల్లు సగం బజారులోకి జరిగింది. అయితే ఆ కర్రీ పాయింటు వెనక గదిలో ఉల్లిపాయలు తరిగేది ఎక్కువగా మరో పేద ఇంటి ఆడమనిషే. ఆమె ఇంట్లో వంట ఆమె తిరిగి వెళ్ళాకే మొదలవుతుంది.

ఇంటికీ బజారుకూ మధ్య గీత ఎంత మోసకారిదో చూపడానికి ప్రపంచవ్యాప్తంగా ఉదహరించే అధ్యయనం మన నరసాపురం నుంచే వచ్చింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం, దాని చుట్టుపక్కల లేసు అల్లే స్త్రీల మీద పరిశోధన చేసి 1982లో పుస్తకం ప్రచురించింది. క్రైస్తవ మిషనరీలు 19వ శతాబ్దంలో తెచ్చిన ఆ అల్లిక కాలక్రమంలో విదేశాలకు ఎగుమతయ్యే పరిశ్రమ అయింది. దారం ఇంటికి వస్తుంది, అల్లిన ముక్క ఇంటి నుంచి పోతుంది, ముక్కకింతని కూలి. ఇంటిపని కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఈ స్త్రీలు లేసు మీద వంగి ఉంటారని మీస్ నమోదు చేసింది. అయినా వ్యాపారులూ అధికారులూ దాన్ని తీరిక వేళ పని అన్నారు. ఎగుమతుల డబ్బులో లేసు కనబడింది. దాన్ని అల్లినవాళ్ళు కార్మికులుగా కనబడలేదు. కూలికి పొలాలకు వెళ్ళకుండా ఇంటిపట్టున ఉండటం పరువన్న భావన, కులంలో తామొక మెట్టు పైన ఉన్నామన్న భావన, ఆ తక్కువ కూలిని వాళ్ళ చేత ఒప్పించాయి. మగవాళ్ళు కొందరు దళారులుగా, ఎగుమతిదారులుగా పైకొచ్చారు.

గృహిణి అన్న ముద్ర కూలిని తగ్గించే పరికరంగా ఎలా పనిచేస్తుందో మీస్ ఇక్కడ పట్టుకుంది. ఆమె సంపాదన పైసంపాదన అయితే దానికి కనీస వేతనం అక్కర్లేదు. ఆమె గృహిణి అయితే ఆమెకు సంఘం అక్కర్లేదు, భవిష్య నిధి అక్కర్లేదు. 1957 నాటి లెక్కలో భార్య సంపాదనను చూడకూడదన్న నియమం మగవాడి కూలిని కాపాడటానికి పెట్టింది. నరసాపురంలో ఆ చూడకపోవడమే ఆమె కూలిని మింగింది.

నరసాపురం వీధులు యూరప్‌లో పుట్టిన సిద్ధాంతానికి ఇంకో కొరతను కూడా గుర్తు చేస్తాయి. మన కుటుంబం ఆస్తినీ శ్రమ శక్తినీ మాత్రమే తరం నుంచి తరానికి అందించదు. కులాన్ని కూడా అందిస్తుంది. సొంత కులంలోనే పెళ్ళి అన్న నియమమే కులానికి ప్రాణమని అంబేడ్కర్ 1916లోనే, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలో నిరూపించాడు. ఆస్తి లేకపోతే పెళ్ళి స్వేచ్ఛగా ఉంటుందన్న ఎంగెల్స్ అంచనా ఇక్కడ పూర్తిగా తప్పుతుంది. సెంటు భూమి లేని ఇంట్లో కూడా ఆడపిల్ల కులం దాటితే కత్తులు లేచిన ఊళ్ళు మనకున్నాయి. ఆడదాని మీద కాపలా ఆస్తి కోసం ఎంతో కులం కోసం అంత. చాలాకాలం మన మార్క్సిస్టులు కులాన్ని ఉపరితలంలోకి, అంటే ఆర్థిక పునాది మీద నిలిచే పైకట్టడంలోకి నెట్టి, విప్లవం తర్వాత చూద్దామన్నారు. కుటుంబం గురించి వాళ్ళ మాట చాలామంది దళిత స్త్రీలకు పరాయిగా వినబడటానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. పొలాల్లో, ఇతరుల ఇళ్ళలో తరతరాలుగా పనిచేస్తున్న ఆ స్త్రీలకు ఇంట్లో బందీ అయిన గృహిణి కథ పూర్తిగా తమది కాదు.

సిద్ధాంతం అధికారంలోకి వచ్చిన చోట ఏం జరిగిందో కొద్దిగా చెప్పాలి. రష్యాలో విప్లవం జరిగిన ఏడాదికే, 1918 కుటుంబ చట్టం పెళ్ళిని మత సంస్థల చేతుల్లోంచి తీసేసి, విడాకులను సులువు చేసి, పెళ్ళిలో పుట్టిన బిడ్డకూ బయట పుట్టిన బిడ్డకూ తేడా లేదంది. 1920లో గర్భస్రావాన్ని చట్టబద్ధం చేశారు. చిల్లర ఇంటిపని స్త్రీని నలిపేస్తోందని లెనిన్ 1919లో రాశాడు. బోల్షివిక్ నాయకురాలు అలెగ్జాండ్రా కొల్లొంతాయ్ ఉమ్మడి వంటశాలలు, శిశు కేంద్రాలు, లాండ్రీలు వస్తే కుటుంబం ఆర్థిక భారం వదిలించుకుని ప్రేమతో మాత్రమే నిలబడుతుందని ఆశించింది. యుద్ధాలతో, కరువుతో చితికిన దేశంలో ఆ వంటశాలలకు డబ్బు లేకపోయింది. సేవలు రాకుండానే విడాకులు వచ్చేసరికి బిడ్డలతో మిగిలింది స్త్రీలే. 1936లో స్టాలిన్ ప్రభుత్వం గర్భస్రావాన్ని మళ్ళీ నిషేధించింది. ఆడవాళ్ళు ఫ్యాక్టరీకి వెళ్ళారు, వంటింటి నుంచి మాత్రం బయటికి రాలేదు. మన తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకులు పట్టిన స్త్రీలు కూడా 1951లో పోరాట విరమణ తర్వాత ఇంటికి వెళ్ళి సంసారం చూసుకొమ్మన్న మాట విన్నారు. 1980లలో స్త్రీవాదులు వాళ్ళ జ్ఞాపకాలను నమోదు చేసినప్పుడు ఆ బాధ బయటికి వచ్చింది.

ఇప్పటి లెక్కలకు వస్తే, 2024లో కేంద్ర గణాంక శాఖ చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీలు దాని మీద రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. 2019లో ఇవి 299, 97. ఐదేళ్ళలో ఇద్దరికీ తగ్గాయి, దూరం దాదాపు అలాగే ఉంది. 2011 జనగణనలో ఇంటిపనే తమ ప్రధాన వృత్తి అని చెప్పిన స్త్రీలు 15.98 కోట్లు, మగవాళ్ళు 58 లక్షలు. ఈ సంఖ్యను 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఎన్.వి.రమణ ఉదహరించి, చనిపోయిన గృహిణికి ఊహాత్మక ఆదాయం కట్టి పరిహారం ఇవ్వడం ఆమె శ్రమకు గుర్తింపు అని రాశారు. మంచి తీర్పు. అయితే ఇల్లాలి పనికి రూపాయల్లో ధర కట్టే చోటు ఈ దేశంలో ఎక్కువగా ప్రమాద పరిహారాల కోర్టే కావడం, అదీ చాలాసార్లు ఆమె బతికి లేనప్పుడే కావడం నన్ను చాలా రోజులు వదల్లేదు.

డబ్బున్న దేశాలు ఈ పనిని మరో దారిలో నడుపుకుంటున్నాయి. కడప, గోదావరి జిల్లాల నుంచి ఎందరో స్త్రీలు కువైట్ వెళ్ళి అక్కడి ఇళ్ళలో వంట చేస్తున్నారు, పిల్లల్ని పెంచుతున్నారు. వాళ్ళ సొంత పిల్లల్ని ఇక్కడ అమ్మమ్మలు పెంచుతున్నారు. కువైట్ ఇంట్లో ఆ పనికి కూలి ఉంది, ఇక్కడ అమ్మమ్మ పనికి లేదు. ఒకచోట కొన్న మాతృత్వం ఇంకోచోట లోటుగా మిగులుతుంది; ఆ లోటును పూడ్చేది మళ్ళీ జీతం లేని ఆడమనిషే.

మన ప్రభుత్వం ఈ పనిని కొంతవరకు ఇంటి బయటికి తెచ్చిన చోటు అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న మొదలైన ఈ పథకంలో ఊరి పిల్లలకు తిండి, ఆటపాటలు, తూకం, గర్భిణులకు పోషకాహారం అన్నీ ఒక టీచరు, ఒక ఆయా చేతుల మీదుగా నడుస్తాయి. కొల్లొంతాయ్ కలగన్న శిశు కేంద్రానికి మన దగ్గర ఉన్న దగ్గరి రూపం ఇదే. కానీ వాళ్ళకు ఇచ్చే డబ్బు పేరు గౌరవ వేతనం. ఈ మాటను దగ్గరగా చూడాలి. వేతనమైతే కనీస వేతనంతో పోల్చవచ్చు, ఓవర్ టైమ్ అడగవచ్చు, పింఛను అడగవచ్చు. గౌరవం అనేసరికి అది సేవ అవుతుంది. సేవకు లెక్క అడగడం మర్యాద కాదు. ఇల్లాలిని ఇంటి దీపం అని పొగిడి జీతం గడి ఖాళీగా వదిలే పద్ధతే ఇక్కడ జీవోల భాషలోకి ఎక్కింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అంగన్‌వాడీ కార్యకర్తలకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందనీ, వాళ్ళకు ఇచ్చే గౌరవ వేతనం ఆ చట్టం ప్రకారం వేతనమేననీ తీర్పు చెప్పింది.

ఆ తీర్పు వచ్చిన ఏడాదిన్నర తర్వాత, 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు వేతనం పెంపు, గ్రాట్యుటీ సహా తమ కోర్కెలతో సమ్మెకు దిగారు. మధ్యలో ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, ప్రయోగించింది. అంటే ఉద్యోగుల జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవకులైనవాళ్ళు, పని మానేసినప్పుడు అత్యవసర సేవల సిబ్బంది అయ్యారు. సమ్మె 42 రోజులు నడిచింది. ఫ్యాక్టరీలో సమ్మె జరిగితే యంత్రం ఆగుతుంది. కేంద్రం మూతపడినంత మాత్రాన మూడేళ్ళ పిల్లకు మధ్యాహ్నం ఆకలి వేయడం ఆగదు. కూలికి పోవలసిన తల్లి ఆ రోజు పని మానుకునో, ముసలి అత్తకు అప్పగించో, బడికి పోవలసిన పెద్ద కూతుర్ని ఆపో ఆ పిల్లకు అన్నం కలిపి పెట్టాలి. ఆ 42 రోజుల వంట ఏ ఖాతాలోనూ లేదు.